ఎర్రవి అయిపోయాయి

ఆ శుక్రవారం మధ్యాహ్నం మేవిస్ పిన్ని చేసిన ఆఖరి పని ఫ్రిజ్‌లో మజ్జిగ జగ్గును పై అర నుంచి కింది అరలోకి దించడం. పై అరలో పూలు పెట్టాలి. పట్నం నుంచి బస్సులో వచ్చిన పొడవాటి అట్టపెట్టె విప్పింది. కాడల కొసలు ఏటవాలుగా కోసి, తడి కాగితంలో చుట్టి, ఎర్రవి ఒక కట్ట, తెల్లవి ఒక కట్ట చేసింది. రెంటికీ మధ్య వెన్న డబ్బా అడ్డం పెట్టింది. ఆ రెండు రంగులూ ఒకదానికొకటి తగలడం ఆమెకు ఇష్టముండదు. తర్వాత చేతులు తుడుచుకుని వరండాలో కూర్చుంది. సాయంత్రం అమ్మ మొక్కజొన్న రొట్టె పట్టుకుని వెళ్ళేసరికి చేతులు ఒళ్ళో అలాగే ఉన్నాయి. తల మాత్రం పక్కకు వాలి ఉంది.

ఎల్లుండే అమ్మల ఆదివారం. మా చర్చిలో ఆ రోజు తల్లి బతికున్నవాళ్ళు ఎర్ర కార్నేషన్ పువ్వు, తల్లి పోయినవాళ్ళు తెల్ల కార్నేషన్ గుచ్చుకుంటారు. బొగ్గుగనుల మా టర్కీపెన్ లోయలో ఈ సంగతి పిల్లలకు నడక వచ్చేనాటికే తెలిసిపోతుంది. పూలు తెప్పించేది పిన్నే. రెండు బకెట్లు చర్చి వాకిట్లో పెట్టి తను పక్కకు తప్పుకునేది. ఎవరిది వాళ్ళే తీసుకునేవారు కాబట్టి ఆ ఒక్క రోజుకు జనానికి భయం ఉండేది కాదు. భయమంతా ఆమె చేత్తో గుచ్చే పువ్వు గురించే. ఆ భయం మొదలవడంలో నేనన్న మాట ఒకటుంది.

పెళ్ళిళ్ళలో తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఎడమ భుజం కింద చిన్న పూలగుత్తి గుచ్చుకుంటారు. పట్నం షాపువాళ్ళు దాన్ని కార్సేజ్ అంటారు. పిన్ని మాత్రం ‘గుండె పువ్వు’ అనేది. అమ్మల ఆదివారం పద్ధతినే మా లోయవాళ్ళు పెళ్ళిళ్ళకూ తెచ్చుకున్నారు. పెళ్ళికూతురి తల్లికి తల్లి ఉంటే ఎర్రది, లేకపోతే తెల్లది. దూరపు చుట్టం బల్లల మధ్య నడుస్తూ ఒక్క చూపులో తెలుసుకునేవాడు, ఏ ముసలామె ఇంకా ఉందో, ఎవరు పోయారో.

పిన్నికి పిల్లల్లేరు. ఆమె భర్త డ్యూయీ బాబాయ్ పంతొమ్మిది వందల నలభై తొమ్మిదిలో గనిలో కప్పు కూలి చనిపోయాడు. ఆ ఏడాది నుంచే పూలపని మొదలుపెట్టింది. వంటింటి బల్ల మీద సన్న తీగ, సాగే ఆకుపచ్చ టేపు, ముత్యంలాంటి తలకాయ ఉన్న గుండుసూదులు. పువ్వు మొదట్లో తీగ అడ్డంగా గుచ్చి, రెండు కొసలూ కిందికి వంచి, టేపు తిప్పుతూ చుట్టేది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతుంటే నోరు ఊళ్ళో సంగతులన్నీ చెప్పేది. "షాపు పిల్లలు కాడ పైకి పెట్టి గుచ్చుతారే, పువ్వు తలకిందులుగా వేలాడుతుంది, గబ్బిలం లాగ" అని నవ్వేది. ఆమె గుచ్చిన పువ్వు సాయంత్రం డాన్సు అయ్యేదాకా కదిలేది కాదు.

పెళ్ళికి రెండు వారాల ముందు పిన్ని ఆ ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే అడిగేది, "మీ అమ్మ ఎలా ఉంది?" అని. ఏ రంగు కావాలో అడగడానికి అదే ఆమె పద్ధతి. ఎవరూ తప్పు పట్టేవారు కాదు, యాభై ఆరు జూన్ దాకా.

ఆ జూన్‌లో హెస్టర్, ఆర్విల్ దంపతుల కూతురి పెళ్ళి. నాకు పదమూడేళ్ళు. హెస్టర్ తల్లి పక్క రాష్ట్రం కెంటకీలో కొడుకు దగ్గర ఉండేది. గుండె జబ్బని పెళ్ళికి తీసుకురాలేదు. పువ్వు మాత్రం ఎర్రదే అనుకున్నారు, రెండు వారాల ముందే చెప్పేశారు.

చర్చి వెనక గదిలో ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. పిన్ని ఒక్కొక్కరికీ గుచ్చుకుంటూ వచ్చి హెస్టర్ ముందు ఆగింది. ఆమె చేతిలో తెల్లది ఉంది.

"ఏమిటిది మేవిస్?" అంది హెస్టర్ నవ్వుతూనే. "మా అమ్మను అప్పుడే పంపించేశావా?"

"ఎర్రవి అయిపోయాయి" అంది పిన్ని.

"అయిపోవడమేమిటి! నాకని చెప్పి పెట్టాను కదా?"

"అయిపోయాయి హెస్టర్. కదలకు, సూది గుచ్చుకుంటుంది."

నలుగురి ముందు గొడవెందుకని హెస్టర్ ఊరుకుంది. పిన్ని తల ఎత్తకుండా గుచ్చింది. ఎప్పుడూ ఒక్క సూదితో సరిపెట్టే మనిషి ఆ రోజు రెండు సూదులు పెట్టింది. హెస్టర్ మొగుడు ఆర్విల్ తలుపు దగ్గర నిలబడి టోపీ అంచు తిప్పుకుంటున్నాడు. ఆడవాళ్ళ గదిలో ఆయనకేం పని అని ఎవరో వేళాకోళం చేశారు. ఆయన నవ్వలేదు.

పెళ్ళయింది. చర్చి నేలమాళిగలో భోజనాలు. మా వైపు పెళ్ళి కేకు పొరలు పొరలుగా పేరుస్తారు, ఇంటికొక పొర కాల్చి తెస్తారు, మధ్యలో ఎండు ఆపిల్ ముద్ద. ఎన్ని పొరలుంటే పెళ్ళికూతురి ఇంటికి అంత పరువు. ఆ రోజు పదకొండు. హెస్టర్ కత్తి పట్టుకుని తనే కోసింది, ముసలి గనివాళ్ళతో హాస్యాలాడింది, ఫిడేలుకు రెండు పాటలు డాన్సు చేసింది. తెల్ల పువ్వు ఆమె నీలం గౌను మీద ఎక్కణ్ణుంచి చూసినా కనిపించేది.

నేను నీళ్ళకని వెనక వంటగదిలోకి వెళ్ళాను. తొట్టి కింద రేకు బకెట్ ఉంది. అందులో నాలుగు ఎర్ర కార్నేషన్లు ఉన్నాయి. చక్కగా విచ్చుకున్నవే, ఒక్క రేకు కూడా నలగలేదు.

సాయంత్రం అయిదింటికి ఆర్విల్ హెస్టర్‌ను బయటికి పిలిచాడు. కాసేపటికి ఆమె కేక వినిపించింది. ఫిడేలు ఆగిపోయింది. కెంటకీ నుంచి కబురొచ్చిందనీ, మధ్యాహ్నం వాళ్ళమ్మ పోయిందనీ మెల్లగా ఆ బల్ల నుంచి ఈ బల్లకు పాకింది.

అందరి కళ్ళూ తెల్ల పువ్వు మీద నుంచి పిన్ని మీదికి వెళ్ళాయి. "పాపం, ఎర్రవి అయిపోయి తెల్లది పెట్టింది, చూడండి ఎలా కలిసొచ్చిందో" అంది మా అమ్మ, చెల్లెల్ని కాపాడదామని.

"అయిపోలేదే! బకెట్లో నాలుగున్నాయి" అన్నాను నేను.

అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. అప్పటికే ఆలస్యమైంది. ఐమోజీన్ అనే ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్ళి బకెట్ ఎత్తుకొచ్చి కేకు పక్కన పెట్టింది. జనం లేచి నిలబడి చూశారు. పిన్ని తన కోటు వేసుకుని, తీగా టేపూ ఉన్న సంచీ తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. తనను తాను సమర్థించుకుంటూ ఒక్క ముక్క అనలేదు. అది కూడా లెక్కలోకి వచ్చింది. తప్పు లేనివాళ్ళు అలా మాట్లాడకుండా పోతారా అన్నారు.

తర్వాత ఆమె ఏ గుమ్మంలో నిలబడి "మీ అమ్మ ఎలా ఉంది?" అన్నా వినేవాళ్ళ మొహం మారిపోయేది. కొందరు ఆమె వాకిట్లోకి రాకముందే అరిచేవారు, "మా అమ్మ బాగానే ఉంది మేవిస్, ఎర్రదే, ఎర్రదే!" అని. మూడేళ్ళ తర్వాత ఐమోజీన్ తల్లి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ ముందు వారమే కిరాణా కొట్లో పిన్ని ఆమె క్షేమం అడిగిందట. ముసలామె చావలేదు, ఇంకో పదకొండేళ్ళు బతికి అందరినీ తిట్టింది. అయినా మా లోయ ఆమెను కూడా పిన్ని ఖాతాలో వేసింది. హెస్టర్ అయితే పిన్ని ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోయేది. "నా కూతురి పెళ్ళి రోజున నా తల్లి చావును నా గుండెకు గుచ్చింది" అనేది వినేవాళ్ళందరితో. ఆ పక్కన ఆర్విల్ టోపీ తిప్పుకుంటూ నిలబడేవాడు.

పెళ్ళి పని ఒక్కొక్కటే తగ్గిపోయింది. నాకు ఇరవై రెండేళ్ళు వచ్చి పెళ్ళి కుదిరేనాటికి ఆమెను పిలిచేవాళ్ళు లేరు. నా పెళ్ళి ఒక్కటే మిగిలింది. అక్క కూతుర్ని, ఆమె ఎత్తుకుని తిప్పినదాన్ని. నా పెళ్ళిలో ఆమె పువ్వు గుచ్చితే ఊరి నోరు మూతపడుతుంది. గుచ్చకపోతే సొంతవాళ్ళే నమ్మినట్టు. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, అమ్మకు తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

కాబోయే అత్తగారు థెల్మా కొండ అవతలి ఊరివారు. అక్కడికీ కథ చేరింది. ఆవిడ తల్లికి ఎనభై నాలుగేళ్ళు. పెళ్ళిలో మొదటి బల్ల దగ్గర కూర్చోబెట్టాలని ఆవిడ పట్టుదల.

"చూడమ్మా నోరీన్" అంది ఒక రోజు మా ముందుగదిలో కాఫీ తాగుతూ. "మీ పిన్నిని నేనేమీ అనను. నాకు మూఢనమ్మకాలు లేవు. కానీ ఆవిడ చెయ్యి మా అమ్మ దరిదాపుల్లోకి రాకూడదు. పట్నంలో షాపుకు చెప్పేశాను. మా అమ్మకు, నాకు, మీ అమ్మకు, ముగ్గురికీ ఆర్కిడ్‌లు."

"మా చెల్లెలు బాధపడుతుంది వదినగారూ" అంది అమ్మ.

"మా అమ్మ పోతే నేను బాధపడతాను" అంది థెల్మా.

అమ్మ నా వైపు చూసింది. నేను కాదంటే ఆగేది. నేను కాఫీ కప్పుల్లో పంచదార వేస్తూ ఉండిపోయాను.

పెళ్ళికి ముందు రోజు పొద్దున పిన్ని ఇంటికి వెళ్ళాను, ఆ సంగతి చెప్పడానికి. వంటింటి తలుపు తీసే ఉంది. ముసురు. కొండ మీది నుంచి జారిన నీళ్ళు బొగ్గు దుమ్ముతో నల్లగా ఆమె మెట్ల పక్కనుంచి పారుతున్నాయి. బల్ల మీద పొడవాటి పెట్టె విప్పి ఉంది. ఆమె అప్పటికే చుట్టడం మొదలుపెట్టింది.

"రా రా పెళ్ళికూతురా. కాళ్ళు తుడుచుకో, నిన్ననే కడిగాను" అంది. "చిక్కుడు గింజలు పొయ్యి మీదున్నాయి, తింటావా?"

"తిన్నాను పిన్నీ."

కూర్చుని బల్ల వైపు చూశాను. తెల్లవి ఎన్నున్నాయో లెక్కపెడుతున్నానని నాకే తర్వాత తెలిసింది. అమ్మకు తెల్లది కావాలి, మా అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి. పిన్నికి కూడా తెల్లదే. రెండు. బల్ల మీద మూడు ఉన్నాయి. మూడోది ఎవరికి? థెల్మాకు ఎర్రది. ఆవిడ తల్లికి తెల్లది, అంత ముసలామెకు ఇంక తల్లెక్కడ? అవును, మూడు. సరిపోయింది. అయినా మళ్ళీ లెక్కపెట్టాను.

"మూడేనే" అంది పిన్ని తల ఎత్తకుండా. "కావాలంటే చేతికి తీసుకుని చూసుకో."

నా మొహం వేడెక్కింది.

"ఇది నీకు." ఆమె చేతిలో ఎర్ర మొగ్గ ఉంది, ఇంకా సగమే విచ్చుకుంది. మా వైపు పెళ్ళికూతురు పెళ్ళి బట్టలు మార్చుకుని, కారెక్కి అత్తారింటికి బయల్దేరేటప్పుడు ఒక గుండె పువ్వు గుచ్చుకుంటుంది. "రేపటికి పూర్తిగా విచ్చుతుంది. కార్లో నువ్వు కూర్చునే వైపు కిటికీ మూసుకో, గాలికి రేకులు చెదురుతాయి."

"పిన్నీ, థెల్మా అత్తయ్య షాపులో చెప్పారట" అన్నాను. "పువ్వులన్నీ."

ఆమె వేళ్ళు ఆగలేదు. టేపు చివరిదాకా చుట్టి, తెంపి, కొస నొక్కింది.

"ఏం పువ్వులట?"

"ఆర్కిడ్‌లు. ఊదారంగువి."

"ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇస్తారు. ఐసు వాసన కొడతాయి." టేపు చుట్ట పక్కన పెట్టింది. "ఊదారంగు పువ్వు ఏం చెబుతుందే? తల్లి ఉందనా, లేదనా?"

"ఏమీ చెప్పదు పిన్నీ. అందుకే ఆవిడకు నచ్చింది."

"పువ్వు పెట్టుకున్నాక నిజం చెప్పాలి. లేకపోతే పెట్టుకోవడం దేనికి, గౌనుకు గుండీలు లేవా?" అంది. కోపంగా అనలేదు, పిల్లకు కూడిక నేర్పుతున్నట్టు అంది. తర్వాత ఒక్కసారి నా కళ్ళలోకి చూసింది. "నువ్వేమన్నావు మీ అత్తతో?"

ఆమె తన కోసం నన్నెప్పుడైనా ఏదైనా అడిగిందంటే అదొక్కటే.

"ఏమీ అనలేదు" అన్నాను.

పిన్ని తలూపింది. బల్ల మీది తెల్ల పువ్వులు మూడూ తీసి నీళ్ళలో వేసింది. "చిక్కుడు గింజలు మీ అమ్మకు కొంచెం పట్టుకెళ్ళు" అంది.

మర్నాడు ఆర్కిడ్‌లు వచ్చాయి. నిజంగానే ఐసు వాసన కొట్టాయి. షాపువాళ్ళు కాడ పైకి పెట్టి గుచ్చారు, మూడూ తలకిందులుగా వేలాడాయి. పిన్ని రెండో బల్ల దగ్గర కూర్చోవలసిన మనిషి, ఆఖరి బల్ల దగ్గర కూర్చుంది. బూడిదరంగు గౌను మీద తన తెల్ల పువ్వు తనే గుచ్చుకుని వచ్చింది. థెల్మా తన తల్లి కుర్చీని కొంచెం పక్కకు తిప్పించింది, వెనక్కి చూపు పోకుండా.

పెళ్ళయ్యాక అందరూ వరసగా వచ్చి కౌగిలించుకుంటున్నారు. నేనూ పెళ్ళికొడుకు వెండెలూ, పక్కన అమ్మ. పిన్ని వచ్చింది. నన్ను కౌగిలించుకుంది, పుదీనా, టేపు జిగురు కలిసిన ఆమె వాసన వచ్చింది. తర్వాత అమ్మ వైపు చేతులు చాచింది. చాచిన చేయి అమ్మ భుజం మీద ఆర్కిడ్ దగ్గరికి వెళ్ళింది, తలకిందులైన దాన్ని సరిచెయ్యడానికి. నేను మధ్యలోకి జరిగాను. కావాలని జరగలేదు, కాళ్ళే జరిగాయి. నా వీపు అమ్మకు, మొహం పిన్నికి. చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఊరికే, తిన్నగా పెడదామని" అంది పిన్ని.

"ఏమే, తప్పుకో" అంది అమ్మ వెనక నుంచి. కానీ పిన్ని అప్పటికే చెయ్యి దించేసింది.

కారెక్కుతుంటే మళ్ళీ వచ్చింది. కిటికీలోంచి చిన్న తెల్ల అట్టపెట్టె నా ఒళ్ళో పెట్టింది, దారంతో కట్టినది. "దార్లో పెట్టుకో. వీళ్ళ ముందు వద్దులే" అంది. కారు కదిలింది. ఎప్పుడూ కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపే మనిషి ఆ రోజు వెంటనే వెనక్కి తిరిగింది.

ఆ పెట్టె నా మోకాళ్ళ మీద, మేం కాపురం పెట్టబోయే ఒహాయో రాష్ట్రం సరిహద్దు దాకా ఉంది. లోపల ఎర్రదే. మొగ్గ నా కళ్ళతో చూశాను. కానీ హెస్టర్‌కు కూడా ఎర్రదే అనుకున్నారు. బకెట్లో నాలుగు ఉండగా తెల్లది బయటికి వచ్చింది. వాన అద్దాన్ని కొడుతోంది. దారం విప్పితే తెల్లగా కనిపిస్తే ఏం చేస్తాను అనుకుంటూ కూర్చున్నాను. నా పువ్వు తెల్లదైతే పోవలసింది మా అమ్మ.

"తెరవ్వేమిటి?" అన్నాడు వెండెల్.

"తర్వాత."

"బాంబు పట్టుకున్నట్టు పట్టుకున్నావు."

సరిహద్దు నది దాటాక పెట్రోలు కోసం ఆగాం. అక్కడ గోడకు ఫోను ఉంది. మా ఇంటికి చేశాను. చాలాసేపు మోగింది.

"ఏమైందే? అప్పుడే దెబ్బలాడుకున్నారా?" అంది అమ్మ.

"ఏం లేదు. నువ్వెలా ఉన్నావు?"

"ఎలా ఉంటాను? కాళ్ళు పీకుతున్నాయి. మీ పిన్ని ఒక్కతే ఉండి గిన్నెలన్నీ కడిగింది. ఫోను పెట్టెయ్, డబ్బులు దండగ."

ఫోను పెట్టేసి, పెట్రోలు బంకు పక్కన ఉన్న చెత్త డ్రమ్ములో ఆ పెట్టె వేశాను. దారం విప్పలేదు. వేసి, గౌనుకు చెయ్యి తుడుచుకున్నాను. నెల తర్వాత పిన్ని ఉత్తరం రాసింది, వాన, కోళ్ళు, కొత్త పాస్టరు సంగతులన్నీ. ఆఖరిలో ఒక్క వాక్యం: ‘పువ్వు వాడకుండా వచ్చిందా?’ చాలా బాగుందనీ, రెండు రోజులు నీళ్ళలో పెట్టుకున్నాననీ జవాబు రాశాను.

మా అమ్మ ఇప్పటికీ బతికే ఉంది. థెల్మా తల్లి తొంభై ఏడేళ్ళు బతికింది. తర్వాతి పదమూడేళ్ళలో ఏ సెలవుకు వెళ్ళినా పిన్ని నన్ను ఎప్పటిలాగే రా రా అంది, చిక్కుడు గింజలు పెట్టింది. కానీ "మీ అమ్మ ఎలా ఉంది?" అని మా అమ్మ గురించి నన్ను ఎప్పుడూ అడగలేదు. అమ్మ ఇల్లు పక్క మలుపులోనే కదా అని నేను సరిపెట్టుకున్నాను.

ఆమె పోయిన రెండో రోజు, అమ్మల ఆదివారం నాడు, ఫ్రిజ్‌లో దొరికిన పూలను అమ్మ చర్చి వాకిట్లో పెట్టింది. సోమవారం సమాధి అయింది. నేలమాళిగలో భోజనాలు. జనం బాగానే వచ్చారు. బతికున్నంతకాలం దూరం జరిగినవాళ్ళు కూడా బంగాళదుంపల కూర, పంది మాంసం గిన్నెల నిండా తెచ్చారు. "మంచి చెయ్యి" అన్నారు. "ఆ పువ్వు డాన్సు చేసినా కదిలేది కాదు" అన్నారు.

ఆర్విల్ నా ఎదురు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బాగా ముసలివాడైపోయాడు. బొగ్గు దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు, రెండు మాటలకొకసారి ఆగుతాడు. ముందటి చలికాలంలో హెస్టర్ పోయింది.

"అమ్మాయ్, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు. "హెస్టర్ ఉండగా చెప్పలేకపోయాను. మేవిస్ ఉండగా చెప్పాల్సింది. రెండూ చెడగొట్టుకున్నాను."

"ఏమిటి బాబాయ్?"

"మా అత్తగారు మధ్యాహ్నం పోలేదు. ముందు రోజు రాత్రే పోయింది." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మా వైపు అప్పుడు ఫోను మేవిస్ ఇంట్లోనే కదా. మా బావమరిది పొద్దున్నే చేశాడు. మేవిస్ వచ్చి నన్ను పిలుచుకెళ్ళింది. హెస్టర్‌కు అప్పుడే చెబితే పెళ్ళి ఆగిపోతుంది, చుట్టాలంతా దిగారు, పిల్ల ఏడుస్తుంది. నేను మేవిస్ చేతులు పట్టుకున్నాను. కేకు కోసేదాకా ఎవరికీ చెప్పొద్దు అన్నాను. మా బావమరిదితో కూడా మధ్యాహ్నం అనే చెప్పించాను. తల్లి శవం అక్కడుండగా తను డాన్సు చేశానని తెలిస్తే హెస్టర్ నన్ను బతకనిచ్చేదా?"

"మరి తెల్లది?"

"అదే. ఎవరితోనూ అననని మాటిచ్చింది. ‘కానీ ఎర్రది మాత్రం గుచ్చలేను ఆర్విల్, తల్లి పోయిన మనిషికి ఎర్రది నా చేత్తో గుచ్చలేను’ అంది. ఏమైనా అడిగితే అయిపోయాయంటానులే అంది. నేను సరే అన్నాను. ఆ బకెట్ సంగతి నాకేం తెలుసు?"

పక్క బల్ల దగ్గర ఐమోజీన్ అందరికీ కేకు వడ్డిస్తోంది.

"ఇరవై రెండేళ్ళు" అన్నాడు ఆర్విల్. "హెస్టర్ ఆమెను తిడుతుంటే పక్కనే నిలబడ్డాను. ఎన్నిసార్లో ఎదురుపడ్డాం. నీ మాట వెనక్కి తీసుకో, నన్ను చెప్పుకోనీ అని ఒక్కసారైనా అడుగుతుందేమో అనుకున్నాను. ఎప్పుడూ ‘దగ్గు ఎలా ఉంది ఆర్విల్’ అనేది, అంతే."

"ఫోను ఎన్నింటికి వచ్చింది బాబాయ్?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

ఆరు దాటి కొంచెంసేపయిందట. ఆయన వెళ్ళేసరికి పూలపెట్టె బల్ల మీద ఉంది, దాని దారం ఇంకా విప్పలేదట, ఒక్క పువ్వూ చుట్టలేదట.